నాన్న కండువా రంగు మార్చనన్న ఫ్లెక్సీ షాపు

ముందే చెప్పేస్తున్నాను, అయిదుకి నాలుగున్నర ఇస్తున్నాను. తగ్గిన ఆ అర ఎందుకో మధ్యలో రాస్తాను. షాపు అమలాపురం దగ్గర కాలువ గట్టు రోడ్డు మీద ఉంది. పేరు మాత్రం రాయట్లేదు, ఓనరు గారే వద్దన్నారు. "మంచిగా రాసినా సరేనండి, ఈ షాపు ఫలానా వాళ్లదని ఎవరో ఒకరు రంగు పూసేస్తారు, మాకు అన్ని రకాల వాళ్లూ రావాలి కదా" అన్నారు. మా వైపు వాళ్లకి ఆనవాలు చాలు: బయట గోడకి సర్వి కర్రలు చేరేసి ఉంటాయి, ఎదురుగా టీ కొట్టు, లోపల మిషను అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది, ఇంకు వాసన రోడ్డు మీదకే వస్తుంది. గోడల మీద ఒక్క నాయకుడి ఫోటో ఉండదు, ఒక్క హీరో ఫోటో ఉండదు. రోజుకి ఎన్ని వందల మొహాలు ప్రింటు చేస్తారో తెలీదు కాని సొంత గోడ మీద రేటు కార్డు, క్యాలెండరు తప్ప ఏమీ లేవు. నేను మొదట గమనించింది అదే.

ఈ ఫిబ్రవరిలో మా నాన్న పోయారు. పెద్దకర్మకి ఇంటి ముందు, సెంటర్లో, కాలువ వంతెన దగ్గర మూడు ఫ్లెక్సీలు కావాలి. మా గోదావరి జిల్లాల్లో ఇప్పుడు ఏ కార్యమైనా ఫ్లెక్సీ లేకుండా జరగదు కదా. ఓణీల ఫంక్షన్, గృహప్రవేశం, పుట్టినరోజు, ఉద్యోగం వస్తే, వీసా వస్తే, ఆఖరికి మనిషి పోతే. అందులో పైన వరసగా గుండ్రటి ఫోటోలు ఉంటాయే, అసలు సంగతంతా అక్కడే ఉంటుంది. ఆ ఇంట్లో వాళ్లు ఏ పార్టీ, ఆ పార్టీలో ఏ వర్గం, ఏ కులం, ఏ హీరో అభిమానులు, ఏ దేవుడికి మొక్కుతారు అన్నీ ఆ పై వరస చూస్తే తెలిసిపోతాయి. ఎవరి ఫోటో ముందు, ఎవరిది వెనక, ఎవరిది పెద్దది అన్న దాని మీద పెళ్లి పందిట్లో మాటలు పోయిన కుటుంబాలు నాకు తెలుసు.

మా నాన్న ఇరిగేషన్‌లో లస్కరు. ఇతర ప్రాంతాల వాళ్లకి తెలియకపోవచ్చు, లస్కరంటే కాలువ మీద తూములు, షట్టర్లు చూసుకునే మనిషి. ధవళేశ్వరంలో కాటన్ దొర 1847లో ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తి చేశాడని మేమంతా బళ్లో చదువుకున్నాం, ఊరూరా ఆయన విగ్రహాలకి దండలు వేస్తాం, మా రైతులు ఆ పరదేశపు దొరని దేవుడి వరసలో పెట్టుకున్నారు. కాని ఆ నీళ్లు అక్కడి నుంచి శివారు చేను దాకా రావాలంటే రాత్రి రెండింటికి లైటు పట్టుకుని గట్టు మీద నడిచే మనిషొకడు ఉండాలి. దాళ్వాలో, అంటే రెండో పంటకి, నీళ్లు చాలక వంతులవారీ పెట్టినప్పుడు చూడాలి. ఎగువ రైతు తూము మూయనివ్వడు, దిగువ రైతు గొంతు ఎండిపోయి వచ్చి అరుస్తాడు. ఆ ఇద్దరూ ఒక్కో కులం, ఒక్కో పార్టీ. మధ్యలో తాళం చెవితో మా నాన్న.

మరి ఆయనకి పక్షం లేదా అంటే ఉంది. గట్టిగా ఉంది. 1983 జనవరిలో రామారావు గారికి వేసిన ఓటు దగ్గర నుంచి మొన్నటి దాకా ఒకటే గుర్తు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ బయటికి మాట అనేవారు కాదు, సర్వీసు రూల్సని భయం కొంత, పద్ధతి కొంత. రిటైరైన మర్నాడు పసుపు కండువా కొనుక్కుని భుజాన వేసుకున్నారు. ఇక తీయలేదు. దాంతోనే మొహం తుడుచుకునేవారు, దాన్నే తలకి చుట్టుకునేవారు, ఎండలో కూర్చుంటే అదే పరుచుకునేవారు. ఉతికి ఉతికి అంచు దారాలు లేచిపోయి ఉండేవి.

మా అన్నయ్య ఇంకో పార్టీలో ఉన్నాడు. మండలంలో చిన్న పదవి కూడా ఉంది. ఒకే ఇంట్లో ఒకే కంచం మీద కాకపోయినా ఒకే పీట వరసలో కూర్చుని అన్నం తినేవాళ్లు, ఎలక్షన్లప్పుడు మాత్రం ఒక నెల మాటలుండేవి కావు. ఓట్లు లెక్కపెట్టిన సాయంత్రం ఎవరు గెలిచినా సరే అమ్మ చేపల పులుసు పెట్టి ఇద్దర్నీ కూర్చోబెట్టేది. అక్కని రాజోలు వైపు ఇచ్చాం, వాళ్ల అత్తగారింటి వైపు అందరూ చర్చికి వెళ్తారు, అక్క కూడా ఇరవై ఏళ్ల నుంచి వెళ్తోంది, మనస్ఫూర్తిగానే వెళ్తోంది. అక్క కొడుకు డిగ్రీ రెండో సంవత్సరం, వాడికి వాడి హీరో తర్వాతే ఎవరైనా. మా మావయ్య కుల సంఘంలో ముఖ్యుడు. ఏ కులమో ఇక్కడ రాయను. పేర్లు రాస్తే ఇంటిపేరు పట్టుకుని మీరే కనిపెట్టేస్తారు, అందుకే పేర్లు కూడా రాయట్లేదు.

ఈ అందరం కలిసి ఫ్లెక్సీ షాపుకి వెళ్లాం. అయిదుగురం. షాపులో కుర్చీలు మూడే.

ముందు పని గురించి చెప్తాను. డిజైనర్ కుర్రాడికి పాతికేళ్లుంటాయి, ఫోటో కటింగ్ చాలా బాగా చేశాడు. మేం తెచ్చిన ఫోటో మా మేనల్లుడి ఫోన్‌లోది, వెనకాల కొబ్బరి చెట్టూ, సగం బర్రె, పక్కన ఎవరిదో మోచెయ్యి. వాడు ఓపిగ్గా ఒక్కో వెంట్రుకా పట్టుకుని నాన్నని అందులోంచి బయటికి తీశాడు. చాలా షాపుల్లో చెవుల దగ్గర కత్తిరించినట్టు ఉంటుంది, ముఖం తెల్లగా చేసేసి పోయిన మనిషిని పౌడర్ రాసిన పెళ్లికొడుకులా పెడతారు. వీళ్లు నాన్న నలుపుని నలుపుగానే ఉంచారు. ఎండకి కమిలిన ఆ నుదురు, కళ్ల కింద ముడతలు, అన్నీ ఉన్నాయి. స్క్రీన్ మీద పెద్దది చేసినప్పుడు గడ్డం కింద చిన్న గాటు కూడా కనబడింది, షట్టరు గొలుసు తెగి తగిలిన గాటు. అది నాకు ఎనిమిదో తరగతప్పుడు జరిగింది. అక్క అక్కడే ఏడ్చేసింది. కుర్రాడు మౌస్ వదిలేసి, మేం సర్దుకునే దాకా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

అప్పుడు అన్నయ్య అన్నాడు, "కండువా తెల్లది చేసెయ్యమ్మా."

ఎందుకంటే పెద్దకర్మకి వాళ్ల నాయకుడు వస్తున్నాడు. ఫ్లెక్సీకి దండ వేస్తారు, ఫోటోలు తీస్తారు, పసుపు కండువా పక్కన నిలబడితే ఆయనకి ఇబ్బంది, అన్నయ్యకి ఇంకా ఇబ్బంది. అన్నయ్య చెడ్డవాడు కాదు, నాన్న ఆసుపత్రిలో ఉన్న పదకొండు రోజులూ రాత్రి పూట బెంచీ మీద పడుకున్నది వాడే. వాడి వాదన ఏంటంటే, తెలుపు అంటే అందరికీ సరిపోతుంది కదా, చనిపోయాక పార్టీ ఏంటి అని. వినడానికి న్యాయంగానే ఉంది. పైన మాత్రం వాళ్ల నాయకుల గుండ్రటి ఫోటోలు నాలుగు ఉండాలన్నాడు. మావయ్య కింద సంఘం పేరు ఉండాలన్నాడు. మేనల్లుడు మూలన చిన్నగా హీరో ఫోటో అన్నాడు, మెల్లిగా, వాళ్లమ్మ వైపు చూస్తూ. అక్క "స్వర్గస్థులు" అన్న మాట వద్దంది, బైబిలు వాక్యం ఒకటి పెడదామంది. నాన్న ఎప్పుడూ చర్చికి వెళ్లలేదు, కాని అక్కకి ఆ నమ్మకమే ఇప్పుడు ఆధారం, నాన్న ఎక్కడో ఒకచోట క్షేమంగా ఉన్నాడని అనుకోవాలి దానికి.

ఓనరు గారు కౌంటర్ వెనక నుంచి లేచి వచ్చారు. అరవై దగ్గర ఉంటాయి. ఫ్లెక్సీలు రాకముందు ఆయన గోడల మీద అక్షరాలు రాసే పెయింటరు, మిషను వచ్చాక బ్రష్షు పక్కన పెట్టారు. "కండువా రంగు మార్చనండి" అన్నారు. అంతే మాట. అన్నయ్య కోప్పడ్డాడు, "డబ్బులిచ్చేది నేను" అన్నాడు. ఆయన గొంతు పెంచలేదు. "ఆయ్, మీరే ఇస్తారు. ఫ్లెక్సీ వేయొద్దంటే వేయను, కండువా కనబడకుండా ముఖం వరకే పెట్టమంటే పెడతాను. అది మీ ఇష్టం. ఉన్న రంగు తీసి వేరే రంగు మాత్రం వేయను. పుట్టినరోజులకీ, నాయకుల ఫ్లెక్సీలకీ మీరు ఎవరు చెప్తే వాళ్ల పక్కన ఎవర్ని పెట్టమన్నా పెడతాను, మర్నాడు ఆ మనిషొచ్చి కాదంటే తీసేస్తాను. పోయినాయన వచ్చి కాదనలేరు కదండీ" అన్నారు.

వాళ్ల దగ్గర ఇంకో పద్ధతి ఉంది, ఇది అందరూ తెలుసుకోవాలని రాస్తున్నాను. శ్రద్ధాంజలి ఫ్లెక్సీకి డబ్బు ఎవరు కట్టినా, ప్రూఫ్ మీద సంతకం ఇంట్లో అందరికంటే దగ్గరి మనిషిది ఉండాలి. భార్య, లేకపోతే తల్లి, లేకపోతే పెద్ద సంతానం. అమ్మ ఆ రోజుల్లో గడప దాటి రాదు. అందుకని రెండు రకాలుగా ఏ-ఫోర్ కాగితాల మీద రంగు ప్రింటు తీసి కుర్రాడికిచ్చి బండి మీద మా ఇంటికి పంపారు. ఒకదాంట్లో అన్నీ ఉన్నాయి, గుండ్రటి ఫోటోలు, సంఘం పేరు, మూలన హీరో, ముఖం వరకే నాన్న. రెండోదాంట్లో నాన్న నడుము దాకా, కండువాతో, కింద పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ, "రిటైర్డ్ లస్కరు", కుటుంబ సభ్యుల పేర్లు. పైన ఖాళీ.

అమ్మ రెండు కాగితాలూ మంచం మీద పెట్టుకుంది. చదువు రాదు. మొదటిది చూసి "ఈ పైన వాళ్లంతా ఎవరు?" అంది. అన్నయ్య చెప్పాడు. తల ఊపింది. రెండోది తీసుకుని కండువా మీద బొటనవేలితో నిమిరింది, అంచు దగ్గర, దారాలు లేచిన చోట. "ఇది ఉతకలేదు ఇంకా, దండెం మీదే ఉంది" అంది. మళ్లీ ఏమీ అనలేదు. ఆ కాగితం మీదే వేలిముద్ర వేసింది. కాగితం మీద ఆ ముద్ర కండువా పక్కనే పడింది, ఆ ప్రూఫ్ నా దగ్గర దాచుకున్నాను.

అన్నయ్య లేచి బయటికి వెళ్లిపోయాడు.

ఇక్కడ కాస్త నా సంగతి చెప్పాలి, ఎందుకంటే నేనేదో వీటన్నిటికీ అతీతంగా ఉండి రాస్తున్నానని మీరనుకోకూడదు. ఇంటర్ చదివేటప్పుడు నాకూ ఒక హీరో ఉండేవాడు. రిలీజుకి ముందు రోజు రాత్రి థియేటర్ దగ్గర మా వాళ్ల ఫ్లెక్సీ ఎవరో చింపారు. ఎవరు చింపారో చూడలేదు, అయినా అవతలి హీరో అభిమాని కాబట్టి, అవతలి పేట వాడు కాబట్టి, నా బెంచీలో నా పక్కన కూర్చునే స్నేహితుణ్ణే అనుమానించాను, అందరి ముందూ చెంప మీద కొట్టాను. వాడు తిరిగి కొట్టలేదు. పన్నెండేళ్లు మాట్లాడుకోలేదు. 2015లో భీమవరంలో ఇద్దరు హీరోల అభిమానులు ఫ్లెక్సీ చింపారని గొడవపడ్డారని వార్త వచ్చినప్పుడు అందరూ "పిచ్చి కుర్రాళ్లు" అన్నారు, నాకు మాత్రం నా అరచెయ్యి గుర్తొచ్చింది. ఒక మనిషి మీద అభిమానం మనకి అంత తొందరగా ఎందుకు ఇంకో మనిషి మీద కోపం అయిపోతుందో నాకు ఇప్పటికీ పూర్తిగా అర్థం కాదు. ఆ హీరో సినిమా చూసి నేను ఏడ్చింది నిజం, నవ్వింది నిజం, ఆ ప్రేమ అబద్ధం కాదు. కాని ఆ ప్రేమకి నా స్నేహితుడి చెంపకి ఏం సంబంధం?

ఫ్లెక్సీ తీసుకోవడానికి మర్నాడు వెళ్లినప్పుడు ఓనరు గారితో చాలాసేపు కూర్చోవాల్సి వచ్చింది (ఆ అర స్టారు తగ్గింది ఇక్కడే: సాయంత్రం ఆరింటికి ఇస్తామన్నారు, తొమ్మిదిన్నర అయింది, మధ్యలో ఎవరో నాయకుడి పుట్టినరోజుకి అర్జెంటని పది ఫ్లెక్సీలు దూర్చారు, చావు పనిలో ఉన్న వాళ్లని అలా కూర్చోబెట్టకూడదు, ఆ మాట ఆయనకి మొహం మీదే చెప్పాను, ఒప్పుకున్నారు). ఆ మూడున్నర గంటల్లో ఆ షాపుకి వచ్చిన జనాన్ని చూశాను. ఒక మసీదు కమిటీ ఆయన, చర్చి నుంచి ఇద్దరు ఆడవాళ్లు, అయ్యప్ప మాల వేసుకున్న కుర్రాడు, కామ్రేడ్ ఒకాయన సంతాప సభ ఫ్లెక్సీకి. ఎవరికి ఏ మాట వాడాలో ఆ డిజైనర్ కుర్రాడికి నోటికి వచ్చు. ఒకరికి శివైక్యం, ఒకరికి వైకుంఠ సమారాధన, ఒకరికి ప్రభువు నందు నిద్రించిరి, ఎర్ర జెండా వాళ్లకి జోహార్లు. చావు ఒకటే, మాటలు నాలుగు. ప్రతి మాట వెనకా ఒక పెద్ద ఊరడింపు ఉంది, దాన్ని తీసేస్తే ఆ ఇంటివాళ్లకి పట్టుకోవడానికి ఏమీ ఉండదు. అందుకే అక్క గురించి ఓనరు గారు ఒక మంచి పని చేశారు. "అమ్మా, మీ ఇంట్లో ప్రార్థన పెట్టుకుంటారు కదా, దానికి ఇదే ఫోటోతో చిన్నది వేసిస్తాను, మీ వాక్యం అందులో పెట్టుకోండి" అన్నారు. రాజోలులో అక్క ఇంట్లో ఆ రెండడుగుల ఫ్లెక్సీ పెట్టుకుని వాళ్ల పాస్టర్ గారితో ప్రార్థన చేయించుకుంది. అందులోనూ నాన్న అదే కండువాతో ఉన్నారు, కింద కీర్తనల వాక్యం. మేమందరం వెళ్లాం.

2022 మాట ఓనరు గారే ఎత్తారు. జిల్లాకి అంబేడ్కర్ గారి పేరు పెట్టే విషయం మీద మే 24న అమలాపురంలో ఏం జరిగిందో రాష్ట్రమంతా చూసింది, మంత్రి ఇల్లూ ఎమ్మెల్యే ఇల్లూ తగలబెట్టారు, 144 సెక్షన్ పెట్టారు, రోజుల తరబడి ఇంటర్నెట్ లేదు. "షట్టరు దించుకుని లోపల కూర్చున్నానండి. అంతకు ముందు వారమే ఆ వీధిలో వాళ్లకీ ఈ వీధిలో వాళ్లకీ పెళ్లి ఫ్లెక్సీలు వేసిచ్చాను, రెండిళ్ల కుర్రాళ్లూ ఇక్కడే ఈ కుర్చీల్లోనే కూర్చుని టీ తాగారు" అన్నారు. నాకు ఆ రోజు సంగతి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గు, బాధ. మనిషికి తన వాళ్లన్న మాట కావాలి, కులమైనా ఊరైనా, అది లేకుండా ఎవరూ బతకలేరు, మా మావయ్య సంఘం వాళ్లే నాన్న ఆసుపత్రి బిల్లుకి నలభై వేలు పోగుచేసి తెచ్చారు, నేనెందుకు కాదంటాను. కాని ఒక పేరు బోర్డు మీద కనబడితేనే తట్టుకోలేనంతగా అది పెరిగినప్పుడు, మన వాళ్లు అన్న మాటలో నుంచి పక్క వీధి వాడు మనిషన్న సంగతే జారిపోతుంది.

అలాగని మా కోనసీమలో నమ్మకాలన్నీ ఇలాగే ఉన్నాయా అంటే కాదు. కనుమ నాడు జగ్గన్నతోటకి ఏకాదశ రుద్రుల ప్రభలు వస్తాయి కదా, పదకొండు ఊళ్ల నుంచి. అంతంత ప్రభల్ని భుజాల మీద మోస్తూ పచ్చటి చేలల్లోంచి తీసుకెళ్తారు, కౌశిక కాలువ దాటిస్తారు. పైరు కాళ్ల కింద పడుతుంది. ఆ రైతు గట్టు మీద నిలబడి దండం పెడతాడు, మా చేలోంచి వెళ్లిందని సంతోషిస్తాడు. నాన్న ఏటా ఆ ముందు రోజుల్లో కాలువలో నీటి మట్టం గురించి తెగ హైరానా పడేవారు, మోసేవాళ్లకి మెడ దాకా వస్తే ఎలా అని. అదీ నమ్మకమే. తన పంట తొక్కినా పరవాలేదనేది ఒకటి, తన నాయకుడి ఫోటో అంగుళం తగ్గితే తల పగలగొడతాననేది ఒకటి. రెండూ మా మనుషుల్లోనే ఉన్నాయి, ఒక్కోసారి ఒకే మనిషిలో ఉన్నాయి.

2011 సార్వాకి, అంటే మొదటి పంటకి, కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు కూడా అంతే. గిట్టుబాటు లేక, మురుగు కాలువలు పూడిపోయి చేలు మునిగిపోయి విసిగిపోయి నాట్లు మానేశారు. అప్పుడు ఎవరిది ఏ పార్టీ అని ఎవరూ అడగలేదు, గట్టు మీద అందరూ కలిసి కూర్చున్నారు. నాన్న మాత్రం ఆ నెలల్లో సరిగ్గా తిండి తినలేదు. కాలువ నిండా నీళ్లు, తీసుకునే వాడు లేడు, తాళం చెవి జేబులో పెట్టుకుని ఊరికే నడిచి వచ్చేవారు.

సరే, మళ్లీ షాపు దగ్గరకి వస్తాను. ఆరడుగులకి నాలుగు, ఇరవై నాలుగు చదరపు అడుగులు, అడుగు పదిహేను రూపాయల చొప్పున ఒక్కోటి 360 పడింది. కర్రల ఫ్రేమూ, కట్టే మనుషుల కూలీ వేరే. ప్రూఫ్‌లో "లస్కరు" బదులు "లష్కరు" అని పడింది, దిద్దారు, దానికి డబ్బులు తీసుకోలేదు. మెటీరియల్ మందంగానే ఉంది, చుట్టూ మడిచి అతికించి రింగులు కొట్టారు, రెండు వారాలు గాలికీ మంచుకీ ఉన్నా చిరగలేదు. రంగుల్లో ఒక లోపం: పసుపు అసలు కండువా కంటే కాస్త ఎక్కువ తేలింది. నాన్నది వెలిసిపోయిన పసుపు, ఫ్లెక్సీలో కొత్త గుడ్డలా కనబడింది. కావాలనే చేయించానని అన్నయ్య నన్ను అనుమానించాడు. నేను చేయించలేదు. మిషన్‌లో పసుపు అలాగే వస్తుందట.

ఇంకో ముఖ్యమైన విషయం, వీళ్లు ఇనప ఫ్రేములు ఇవ్వరు. 2024 నవంబరులో ఉండ్రాజవరం మండలం తాడిపర్రులో సర్దార్ సర్వాయి పాపన్న గౌడ్ విగ్రహావిష్కరణకి ఫ్లెక్సీ కడుతూ నలుగురు కుర్రాళ్లు కరెంటు తగిలి చనిపోయారు. తమ పెద్దాయన మీద ప్రేమతో అర్ధరాత్రి దాకా నిలబడిన పిల్లలు. ఓనరు గారు ఆ వార్త పేపరు ముక్క కౌంటర్ అద్దం కింద పెట్టుకున్నారు. ఎవరైనా సెంటర్లో పెద్దది కట్టాలంటే ముందు అది చూపిస్తారు. మా ఫ్లెక్సీ కట్టే చోటికి ఆయనే బండి మీద వచ్చి తలెత్తి వైర్లు చూసి, వంతెన దగ్గర స్తంభానికి అవతలి వైపు కట్టమని చెప్పి వెళ్లారు. వ్యాపారం తగ్గినా పరవాలేదని ఆలోచించే మనిషి. 2022 ఆగస్టులో ప్లాస్టిక్ ఫ్లెక్సీలు ఆపేస్తామని ప్రభుత్వం ప్రకటించినప్పుడు మిషను అప్పు ఎలా తీర్చాలా అని నిద్రపోలేదట, అయినా "ఆ మాట తప్పని నేననను, ఈ చెత్తంతా ఆఖరికి మన కాలవల్లోకే పోతోంది" అన్నారు. గుడ్డ మీద కూడా వేసిస్తారు, రేటు ఎక్కువ, అడగండి.

పెద్దకర్మ నాడు అన్నయ్య వాళ్ల నాయకుడు వచ్చాడు. ఫ్లెక్సీ ముందు నిలబడ్డాడు, కండువా చూశాడు, చూడనట్టు దండ వేశాడు, చేతులు జోడించాడు. అమ్మ దగ్గర కింద కూర్చుని రెండు నిమిషాలు బాగానే మాట్లాడాడు, తన మావగారి చేలకి నాన్న నీళ్లిచ్చిన సంగతి ఆయనే చెప్పాడు. సాయంత్రం ఆయన మనుషులు ఫోన్లలో పెట్టిన ఫోటో చూశాను. అందులో నాన్న మెడ వరకే ఉన్నారు.

నేను చెంప మీద కొట్టిన స్నేహితుడు కూడా వచ్చాడు. వాళ్లది శివారు పొలం, రెండెకరాలు. ఒక ఏడాది దాళ్వా ఆఖరి తడికి ఎగువ వాళ్లు తూము మూయనివ్వకపోతే నాన్న అక్కడే గట్టు మీద గొంగళి పరుచుకుని పడుకుని, తెల్లారేదాకా నీళ్లు కిందికి వదిలారట. ఆ ఎగువ వాళ్లు నాన్న పార్టీ వాళ్లే, నాన్న కులం వాళ్లే. ఈ సంగతి నాన్న ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు, నాకు ఆ రోజే తెలిసింది. వాడు ఫ్లెక్సీ ముందు చాలాసేపు నిలబడి, "పైన ఎవరూ లేరేంట్రా" అన్నాడు. "అమ్మ వద్దంది" అన్నాను. భోజనాల దగ్గర వాడే నా విస్తట్లో గుమ్మడికాయ దప్పళం వేశాడు. చెంప సంగతి నేను ఎత్తబోతే వద్దని చెయ్యి ఊపాడు.

మా మేనల్లుడు ఫ్లెక్సీలో హీరో ఫోటో లేదని అలగలేదు. ఓనరు గారు వాణ్ణి ఒకటే అడిగారట, తాతయ్యకి ఆ హీరో తెలుసా బాబూ అని. ఒకసారి నాతో సినిమాకి వచ్చారు, ఇంటర్వెల్‌లో పునుగులు తిని రెండో సగం నిద్రపోయారు అని వీడు చెప్పాడట. ఆ మాట చెప్తూ వాడు ఏడ్చాడని డిజైనర్ కుర్రాడు తర్వాత నాతో అన్నాడు.

అన్నయ్య నాతో ఇంకా సరిగ్గా మాట్లాడట్లేదు. ఫ్లెక్సీలు విప్పిన రోజు మాత్రం ఇంటి ముందుది వాడే విప్పాడు, కర్రలు వేరు చేసి, ఫ్లెక్సీ మడత పెట్టకుండా చుట్ట చుట్టి అటక మీద పెట్టాడు. మిగిలిన రెండూ గడ్డివాము మీద కప్పుకుంటామని అడిగితే ఎవరికీ ఇవ్వలేదు.

సంవత్సరీకానికి మళ్లీ అక్కడే వేయిస్తాను. ఫైలు చెరపకుండా ఉంచామన్నారు, ఈసారి పసుపు కాస్త తగ్గించమని ముందే చెప్పాలి. ఆదివారం మధ్యాహ్నం నుంచి మూసేస్తారు, పండగల ముందు వారం అసలు ఫోను ఎత్తరు, నేరుగా వెళ్లండి. ఫోటో మాత్రం అసలుది తీసుకెళ్లండి, వాట్సాప్‌లో పంపితే మసకగా వస్తుంది.